నీ కొడుకుని ఎక్కడ నిలబెట్టవు?

ఆదివారం మధ్యాహ్నం మారికుప్పం రైల్లో మామ వచ్చాడు. ఛాంపియన్ స్టేషన్‌లో ఎక్కితే బంగారుపేటకు అరగంట. ఇరవయ్యో ఏట కేజీఎఫ్ (కోలార్ బంగారు గనులు)లోకి దిగి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా భూమి లోపలే పని చేసినవాడు. చివరి పదిహేనేళ్లు మైనింగ్ మేట్. ఒక షిఫ్టులో తన కింద ఉన్నవాళ్లను ఎంతమందిని దించాడో అంతమందినీ పైకి తీసుకురావడం మేట్ బాధ్యత.

మా చెల్లెలు నరసాపుర పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పోయిన నెలలోనే సూపర్‌వైజర్ అయింది. ఆమె కింద నలభై ఇద్దరు. కంపెనీవాళ్లు రెండు రోజుల ట్రైనింగ్ కూడా ఇచ్చారు: ఎట్లా మాట్లాడాలి, ఎట్లా నిర్ణయం తీసుకోవాలి, ఎట్లా నాయకత్వం వహించాలి అని. సోమవారం లైన్ దగ్గర అతికించడానికి ఒక కాగితం రాసుకుంది. కన్నడం సరిగ్గా ఉందో లేదో చూడమని నాకిచ్చింది. నాకంటే ముందు మామ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. 'నా పర్మిషన్ లేకుండా ఎవరూ లైన్ ఆపకూడదు.' కాగితంలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

ఆ తర్వాత రెండు గంటలు జరిగిన వాదనను గుర్తున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను. కొన్ని చోట్ల నా మాట కూడా కలుస్తుంది. ఇద్దరూ నావాళ్లే అయినా, ఇద్దరి వైపూ సమానంగా ఉండలేకపోయాను.

మామ: దీన్ని చింపెయ్ పాపా.

చెల్లెలు: ఎందుకు చింపాల మామా? గురువారం ఏమైందో నీకు తెలుసా? ఒడిశా నుంచి వచ్చిన పిల్ల ఒకామె, చేరి నెల కూడా కాలేదు, ట్రే మీద లేబుల్ వేరేగా ఉందని లైన్ ఆపేసింది. ఇరవై ఐదు నిమిషాలు నలభై మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. చూస్తే సామాను అదే, లేబుల్ ప్రింటు మాత్రం మారింది. మేనేజర్ అందరి ముందూ నన్ను నిలదీశాడు. తలా ఒక నిర్ణయం తీసుకుంటూ పోతే ఇంక నేనెందుకు అక్కడ?

మామ: లేబుల్ మారిందని నీకు ముందే తెలుసా?

చెల్లెలు: రెండు రోజుల ముందే మెయిల్ వచ్చింది. వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముప్పై ఎనిమిది మంది బొటనవేలు పెట్టారు.

మామ: మిగతా నలుగురు?

చెల్లెలు: అది చూసుకోలేదు.

మామ: ఆ ఒడిశా పిల్ల నలుగురిలోదా, ముప్పై ఎనిమిదిలోదా?

చెల్లెలు కాసేపు ఫోన్‌లో వెతికింది. ఆ పిల్ల బొటనవేలు పెట్టిన వాళ్లలోనే ఉంది. మెసేజ్ ఇంగ్లీషులో ఉంది.

మామ: అయితే నువ్వు చెప్పలేదు. పంపించావు, అంతే.

చెల్లెలు: ఇట్లా తప్పు పట్టడం సులభం మామా. రోజుకి ముప్పై మెసేజ్‌లు వస్తాయి పై నుంచి. ఒక్కొక్కదానికీ నలభై ఇద్దరిని కూర్చోబెట్టి అర్థమైందా, అర్థమైందా అని అడుగుతూ పోతే సామాను బయటికి వెళ్లేదెప్పుడు? మీ గనిలో మాత్రం ప్రతి ఆర్డరూ అందరికీ విడమర్చి చెప్పేవాళ్లా?

మామ: లేదు. మా దగ్గర మాట చాలా తక్కువ. గంటలే ఉండేవి. మనుషుల్ని దించి, ఎక్కించే కేజి కింద ఎక్కడో ఉంటుంది. దాన్ని లాగే ఇంజన్ డ్రైవర్ పైన ఇంజన్ హౌసులో కూర్చునుంటాడు. అతనికి కేజి కనిపించదు, మనుషులు కనిపించరు. కింద కేజి దగ్గరున్నవాడు గంట కొడితే పైన గని నోటి దగ్గరుండే బ్యాంక్స్‌మన్‌కి అందుతుంది, బ్యాంక్స్‌మన్ గంట కొడితే డ్రైవర్‌కి. ఎన్ని గంటలకి ఏం చెయ్యాలో ఇంజన్ హౌసులోనూ, కేజి ఆగే ప్రతి లెవెల్లోనూ బోర్డు రాసి పెట్టాల్సిందే. గంట సరిగ్గా వినపడలేదనుకో, ఒకటా రెండా అని అనుమానం వచ్చిందనుకో, డ్రైవర్ చక్రం కదిలించకూడదు. గంట మళ్లీ కొట్టాల, అతనికి స్పష్టంగా తెలియాల, అప్పుడే కదిలేది. అది రూలు. సగం అర్థమైతే సగం దూరం పోదామనే మాటే లేదు. నీ గ్రూపులో ఆ పిల్లకి మెసేజ్ సగం కూడా అర్థం కాలేదు. అయినా బొటనవేలు పెట్టింది. ఎందుకు పెట్టింది?

చెల్లెలు: అందరూ పెట్టారని.

మామ: అట్లా ఒక్క డ్రైవర్ చేసుంటే నేనిట్లా మీ ఇంట్లో కాఫీ తాగుతా ఉండను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కోలార్ జిల్లాలో పని చోట మాట అర్థం కావడమంటే మొదట వచ్చేది భాష సమస్యే. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కేజీఎఫ్ వాళ్లకు తమిళం. కాంట్రాక్టర్లు తెచ్చే వాళ్లకు హిందీ, ఒడియా. పై నుంచి వచ్చే కాగితం ఇంగ్లీషు. గనుల్లోనూ ఇంతే. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు, చిత్తూరు వైపు తెలుగువాళ్లు, కన్నడిగులు, వాళ్ల మీద కార్న్‌వాల్ నుంచి వచ్చిన ఇంగ్లీషు దొరలు. గంటకు భాష లేదు. ఇన్ని భాషల మనుషుల మధ్య అంత లోతుకి కేజి దిగడానికీ ఎక్కడానికీ అదే ఆధారం. ఆర్డరు ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు. అనుమానం మాత్రం మనిషి ఇంటి భాషలోనే అడుగుతాడు. ఆ భాష వినేవాళ్లు ఎదురుగా లేకపోతే తల ఊపి ఊరుకుంటాడు. చెల్లెలి ట్రైనింగ్ రెండు రోజులూ ఇంగ్లీషులోనే జరిగింది. తానూ మూడు నాలుగు సార్లు తల ఊపానని తర్వాత ఆమే చెప్పింది.

చెల్లెలు ఊరుకోలేదు. ఊరుకునే మనిషి అయితే సూపర్‌వైజర్ అయ్యేది కాదు.

చెల్లెలు: మామా, నువ్వు గనిని గుడిలా చెప్తావు. నేను చదివింది వేరే. రాయి ఎప్పుడు పగులుతుందో తెలుసుకోవాలని 1912లోనే కేజీఎఫ్‌లో సీస్మోగ్రాఫ్ పెట్టారు. రాయి మాట వినడానికి అంత ముందుచూపు. మరి మనుషుల మాట? 1930లో కాంట్రాక్టు పనివాళ్ల వేలిముద్రలు తీసుకుంటామన్నారు. ఎందుకో చెప్పలేదు, ఎవర్నీ అడగలేదు. మూడు వారాలు సమ్మె అయ్యాక గాని కంపెనీవాళ్లు దిగిరాలేదు. గంటలు కొట్టే ఆ ఊర్లోనే కదా మనిషి మాటకి చెవి లేనిది?

మామ వెంటనే బదులివ్వలేదు. అంతకుముందే నేను బజారు నుంచి పానీపూరి తెచ్చాను. బంగారుపేట పానీపూరి నీళ్లు తెల్లగా, మామూలు నీళ్లలా ఉంటాయి, కారం మాత్రం గొంతు దాకా పట్టేస్తుంది. మామ రెండు తిని, నీళ్లు తాగి అప్పుడు మాట్లాడాడు.

మామ: నిజమే. ఆ సమ్మె సంగతి మా నాయన చెప్పేవాడు. వేలిముద్రలు పోలీసులు దొంగల దగ్గర తీసుకునేవి, మా దగ్గర ఎందుకు అని జనం భయపడ్డారంట. కంపెనీకి దాని లెక్క దానికి ఉండొచ్చు. మనిషి చేతిని తాకే పని చేస్తూ, ఆ మనిషికి కారణం చెప్పకపోతే, అతనే ఒక కారణం ఊహించుకుంటాడు. ఎప్పుడూ చెడ్డదే ఊహించుకుంటాడు. గంటల రూలు బాగుండేది ఎందుకంటావు? కేజి పడితే దొరా చస్తాడు, కూలీ చస్తాడు. వేలిముద్రల విషయంలో నష్టం కూలీకే. అందుకే అక్కడ ఎవరూ వినలేదు.

ఈ మాట నాకు చాలా విలువైనదిగా అనిపించింది. పని చోట మాట వినడం మంచితనం వల్ల మాత్రమే వచ్చేది కాదు. వినకపోతే ఎవరికి నష్టం అన్నదాన్ని బట్టి చెవులు తెరుచుకుంటాయి. ట్రైనింగ్ పుస్తకాల్లో ఇది సాధారణంగా కనిపించదు.

చెల్లెలు: అయితే మన నరసాపురలో 2020 డిసెంబర్ 12న జరిగిందీ అదే. విస్ట్రాన్ ఫ్యాక్టరీ. ఐఫోన్లు చేసే చోటు. రాత్రి షిఫ్టు దిగే వేళకి వేలమంది తిరగబడి అద్దాలు, మెషిన్లు పగలగొట్టారు. నెలల తరబడి జీతం తగ్గిందని, ఓటీ లెక్క రాలేదని అడుగుతానే ఉన్నారు. తర్వాత ప్రభుత్వం తనిఖీ చేస్తే తేలిందేంది? ఐదు వేల మంది ఉన్న చోట కొద్ది కాలంలోనే సంఖ్యని పదివేల ఐదు వందలకి పెంచేశారు. వాళ్లకు సరిపడా హెచ్ఆర్ లేదు. హాజరు లెక్క పెట్టే పద్ధతి సరిగ్గా లేదు. అక్టోబర్‌లో ఎనిమిది గంటల షిఫ్టుని పన్నెండు గంటలు చేశారు. అక్టోబర్, నవంబర్ జీతాలు కొంతమందికి ఆలస్యమయ్యాయని ఆపిల్ కూడా ఒప్పుకుంది. సరిచేసేదాకా విస్ట్రాన్‌కి కొత్త పని ఇచ్చేది లేదనేసింది. ఇండియా వ్యాపారం చూసే వైస్ ప్రెసిడెంట్‌ని విస్ట్రాన్ తీసేసింది.

మామ: నేననేదీ అదే కదా. కింది మాట పైకి పోలేదు.

చెల్లెలు: నువ్వు చెప్పేది సగమే మామా. మాట పోయింది. కింద అడిగారు, లైన్ లీడర్‌ని అడిగారు, కాంట్రాక్టర్‌ని అడిగారు. విన్నవాళ్లు చాలామంది. 'ఇది నేను తేలుస్తాను, రేపు సాయంత్రం లోపల' అనే అధికారం ఉన్న మనిషి ఒక్కడూ వాళ్ల ముందుకు రాలేదు. లైన్ లీడర్ హెచ్ఆర్‌ని చూపిస్తే, హెచ్ఆర్ కాంట్రాక్టర్‌ని చూపిస్తాడు. అందుకే నేను అంటున్నాను, నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండాల, ఆ ఒక్కరెవరో అందరికీ తెలియాల. వినడానికి పదిమంది ఉండి, తేల్చడానికి ఎవరూ లేకపోతే, వినడం కూడా మోసమే. నా కాగితంలో రాసింది అదే. లైన్ విషయంలో ఆ మనిషిని నేను.

విస్ట్రాన్ గొడవ తర్వాత కంపెనీవాళ్లు చేసిన పనుల్లో ఒకటి నాకు గుర్తుంది. పనివాళ్లు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకోవడానికి ఇరవై నాలుగు గంటల ఫోన్ లైన్ పెట్టారు. కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు భాషల్లో. ఐదు భాషలు అవసరమని వాళ్లకు తెలియడానికి అద్దాలు పగలాల్సి వచ్చింది. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటా వాళ్ల చేతికి వెళ్లింది.

అయినా చెల్లెలి వాదనలో బలం ఉంది. మామ కూడా దాన్ని తోసెయ్యలేదు.

మామ: గనిలో పేలని మందు అని ఒకటుంటుంది పాపా. రాతికి రంధ్రాలు వేసి, మందు కూరి, షిఫ్టు చివర పేలుస్తారు. పది పేలాయి, ఒకటి పేలలేదు అనుకో. ఆ రంధ్రంలో మందు అట్లే ఉంటుంది. తెలియకుండా పక్కన డ్రిల్ పెడితే ప్రాణం పోతుంది. అందుకని పేలని మందు ఎక్కడుందో వచ్చే షిఫ్టు వాడికి నోటితో చెప్పాల, పుస్తకంలో రాయాల, సంతకం చెయ్యాల. 'నేను చెప్పాను', 'నేను విన్నాను', రెండూ ఉండాల. జీతం రాలేదనే మాట కూడా అట్లాంటిదే. పేలలేదని ఊరుకున్నారు.

చెల్లెలు: అదే, సంతకం చేసేవాడు ఒకడు ఉండాల కదా.

మామ: ఉండాల. ఒప్పుకుంటా. సంతకం చేసే చెయ్యి ఒకటే ఉండాల. చూసే కళ్లు మాత్రం ఎన్ని ఉంటే అంత మంచిది. నీ కాగితం కళ్లు కూడా మూసెయ్యమంటోంది.

ఆ తర్వాత మామ నేను ఎప్పుడూ వినని సంగతి చెప్పాడు. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

మామ: నేను మేట్ అయిన కొత్తలో. షిఫ్టు దిగే వేళ. కేజి వచ్చేసింది, ఎక్కకపోతే మళ్లీ ఎప్పుడో. లోపల రాయి వేడి అరవై డిగ్రీలకి పైనే ఉండేది, గాలి పంపినా ఒళ్లు చెమటతో కారిపోతుంది, ఎప్పుడు పైకి పోదామా అని ఉంటుంది. నా కింద పనిచేసే ఒక ముసలాయన వచ్చి, 'అక్కడ టింబర్ మూలుగుతోంది సామీ' అన్నాడు. చూద్దాంలే అన్నాను. వచ్చే షిఫ్టు మేట్ ఎదురొచ్చాడు. 'అంతా బాగుందా?' అన్నాడు. 'బాగుంది' అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ ప్రశ్నకి అందరం ఇచ్చే జవాబు అదే. మూడు గంటల తర్వాత అక్కడ రాయి జారింది. ఒకాయన కాలు విరిగింది. ప్రాణం పోలేదు. కాలు మాత్రం ఆయన చచ్చేదాకా సరి కాలేదు. ఆయన పెళ్లాం నాతో ఎప్పుడూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఎవరూ మాట్లాడలేదు. చెల్లెలు కాగితాన్ని టేబుల్ మీద బోర్లా పెట్టింది.

మామ: ఆ రోజు నుంచి 'అంతా బాగుందా' అని అడగడం మానేశాను. ఆ మాటకి బాగుందనే వస్తుంది. షిఫ్టు మారేటప్పుడు కింద నుంచి వచ్చేవాడిని ఒకటే అడిగేవాణ్ని: 'ఈ రోజు నీ కొడుకుని ఎక్కడ నిలబెట్టవు?' మొదట్లో నవ్వేవాళ్లు. తర్వాత ప్రతివాడూ ఒక్క క్షణం ఆగి, లోపల అంతా కళ్ల ముందు తిప్పుకుని, ఒక చోటు చెప్పేవాడు. 'పంపు పక్కన', 'ఆ మూల చివర'. బాగుందంటే బాగుందని చెప్పేసి కేజి ఎక్కొచ్చు. కొడుకు పేరు ఎత్తితే ఎవడూ అట్లా ఎక్కలేడు.

చెల్లెలు: మామా, అది మంచి ప్రశ్న. నేనూ అడుగుతాను. కానీ నువ్వడిగినా, లోపలికి ఎవరు పోవాలో చెప్పింది నువ్వే కదా? వాళ్లు ఓటేసి తేల్చుకోలేదు కదా?

మామ: లేదు. చూడు, రాతిని ఇనుప గడ్డపారతో తట్టి చూస్తాం. గట్టిగా ఖణేలుమంటే సరే. బోలుగా మోగితే రాయి విడిపోయిందని అర్థం. బోలు చప్పుడు విన్నవాడు, ఎవడైనా సరే, నిన్న చేరినవాడైనా సరే, అందర్నీ కేకేసి బయటికి రావాల. బయటికి రావడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మళ్లీ లోపలికి పోవాలంటే మాత్రం నేను చూడాల, రాయి దించాల, నేను పొమ్మనాల. అక్కడ ఓటు లేదు, మీటింగ్ లేదు.

చెల్లెలు: బయటికి రావడం అందరిదీ. లోపలికి పోవడం నీది.

మామ: అంతే.

చెల్లెలు కాసేపు ఆలోచించింది. నాకు తెలిసి వాదన మలుపు తిరిగింది ఇక్కడే. కానీ ఆమె వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. గనిలో బోలు చప్పుడు వింటే ప్రాణం సంగతి. లైన్లో లేబుల్ మారితే ఇరవై ఐదు నిమిషాల సంగతి.

చెల్లెలు: నా లైన్లో రోజుకి యాభై అనుమానాలు వస్తాయి. అన్నీ రాయి కాదు. స్క్రూ రంగు, కవర్ మడత, లేబుల్. ప్రతిదానికీ అందరూ బయటికి వచ్చేస్తే కంపెనీ మూతపడుతుంది, వాళ్ల ఉద్యోగాలూ పోతాయి. గని మూతపడితే ఏమైందో నీకంటే ఎవరికి తెలుసు? ట్రైనింగ్‌లో ఒక సంగతి చెప్పారు. జపాన్‌లో సకిచి టొయోడా అనే ఆయన 1924లో ఒక మగ్గం తెచ్చాడంట. దారం తెగితే దానంతట అదే ఆగిపోతుంది. ఆ ఆలోచననే తర్వాత టొయోటా కార్ల ఫ్యాక్టరీలో పెట్టారు. పనివాడికి ఏదైనా తేడా కనిపిస్తే పక్కనున్న తాడు లాగుతాడు. తాడు లాగగానే లైన్ ఆగదు మామా, అది నాకు నచ్చింది. దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. ఆ బండి ఆ స్టేషన్ దాటేలోపల ఇద్దరూ తేల్చుకుంటే లైన్ నడుస్తానే ఉంటుంది. తేల్చుకోలేకపోతేనే ఆగుతుంది.

మామ: అంటే పిలవడం వేరే, ఆపడం వేరే.

చెల్లెలు: అవును. గురువారం ఆ పిల్లకి పిలవడానికి నేను దొరకలేదు. నేను మీటింగ్‌లో ఉన్నాను. అందుకే ఆపింది.

ఈ మాట అని ఆమె తనే ఆగిపోయింది. రెండు గంటలుగా ఆ పిల్ల తప్పు అనుకుంటున్నది, తాను కుర్చీలో లేని ఇరవై ఐదు నిమిషాలు అయింది. మామ దాన్ని ఎత్తి చూపలేదు. నేను గమనించింది, ఆయన గెలుపు ఎక్కడ దొరికినా దాన్ని వాడుకోడు.

మామ: నువ్వు లేనప్పుడు ఎవర్ని పిలవాల?

చెల్లెలు: ఎవరూ లేరు. ఇంతవరకూ అట్లా ఎవర్నీ పెట్టలేదు.

మామ: మేట్ పైకి పోతే ఇంకో మేట్ వచ్చేదాకా పని సాగదు. ఒకరి చేతిలో నిర్ణయం ఉండాలన్నావు, నేను ఒప్పుకున్నా. ఆ ఒకరు లేని గంట ఎవరిదో కూడా నువ్వే చెప్పాల. లేకపోతే కుర్చీ ఉంటుంది, మనిషి ఉండదు.

చెల్లెలు: మరి మేనేజర్? అందరి ముందూ నన్ను నిలదీశాడని చెప్పాను కదా. నేనిప్పుడు ఆ పిల్లని ఏమీ అనకుండా వదిలేస్తే, రేపు ఆయన నన్నే అంటాడు. నాకు పైన కూడా ఒక కేజి ఉంది మామా.

మామ: ఆ పిల్లని నువ్వేమైనా అన్నావా?

చెల్లెలు: అన్నాను. అందరి ముందే.

మామ: అయితే ఇంక లైన్లో ఎవరూ నోరెత్తరు. నీ కాగితం అంటించక్కర్లేదు, అది అప్పుడే అంటుకుంది.

ఇంత కటువుగా మామ మాట్లాడడం నేను అరుదుగా విన్నాను. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

మామ: నువ్వు చెడ్డదానివని కాదు పాపా. మేనేజర్ నిన్ను అందరి ముందూ అన్నాడు, నువ్వు ఆ పిల్లని అందరి ముందూ అన్నావు. పై నుంచి వచ్చింది అట్లే కిందికి దించావు. మేట్‌గా నేనూ చేశాను ఆ పని. 1980 తర్వాత మా గనిలో రెండు కిలోమీటర్ల కింద ప్రోటాన్ పరిశోధన అని పెద్ద పెద్ద సైంటిస్టులు వచ్చేవాళ్లు, టాటా పరిశోధన సంస్థ నుంచి, జపాన్ నుంచి. కేజి దగ్గర బ్యాంక్స్‌మన్ ఆగమంటే వాళ్లూ ఆగాల, మేనేజర్ ఆగాల. ఏడో తరగతి చదివిన మనిషి ప్రొఫెసర్‌ని ఆపేవాడు, ప్రొఫెసర్ ఆగేవాడు. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఎందుకంటే అది ఆ చోటు మర్యాద. ఆ మర్యాదని ముందు ఎవరో ఒకరు పెట్టాల. పై నుంచి పెట్టకపోతే మధ్యలో నుంచి పెట్టాల. నువ్వు మధ్యలో ఉన్నావు.

చెల్లెలు: మేనేజర్‌తో ఏమని చెప్పమంటావు?

మామ: నిజం చెప్పు. మెసేజ్ ఆ పిల్లకి అర్థం కాలేదు, నేను సీట్లో లేను, ఇంక మీదట ఇట్లా చేస్తాను అని. సాకు చెప్పేవాళ్లని చూసి చూసి ఉంటాడు. తన తప్పు తాను చెప్పేవాళ్లని తక్కువే చూసుంటాడు.

చెల్లెలు దీనికి ఒప్పుకోలేదు, ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. తప్పు ఒప్పుకున్న సూపర్‌వైజర్‌కి, అందులోనూ ఆడపిల్లకి, రెండోసారి అవకాశం ఇచ్చే చోట్లు తక్కువని ఆమె వాదన. గనిలో మేట్లు అందరూ మగవాళ్లే, అక్కడ తప్పు ఒప్పుకున్నవాడిని నిజాయితీపరుడంటారు, తన ఫ్యాక్టరీలో తప్పు ఒప్పుకున్న ఆడదాన్ని చేతకానిదంటారని చెప్పింది. మామ దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ ముడి అట్లాగే ఉంది.

చీకటి పడే వేళకి పాత కాగితం వెనక వైపు కొత్తది రాసుకున్నారు. తెలుగు చెల్లెలు చెప్పింది, కన్నడం నేను రాశాను, హిందీ ముక్క పక్కింటి అబ్బాయి రాసిచ్చాడు. 'అనుమానం వస్తే చెయ్యెత్తండి. నేను వస్తాను. నేను లేకపోతే ఫలానా ఆమె వస్తుంది. ప్రమాదం అనిపిస్తే ఎవరినీ అడక్కుండా ఆపండి. మళ్లీ మొదలుపెట్టమని మాత్రం నేనే చెప్తాను.' ఫలానా అన్న చోట ఖాళీ వదిలింది. సోమవారం లైన్లో అడిగి, ఒప్పుకున్న వాళ్ల పేరే రాస్తానంది. పేరు ముందే రాసెయ్యమని మామ పట్టుబట్టలేదు.

మామ ఆఖరి రైలుకి వెళ్లిపోయాడు. నేను స్టేషన్ దాకా వెళ్లాను. ప్లాట్‌ఫాం మీద బెంగళూరు నుంచి పని దిగి వస్తున్నవాళ్లు ఎదురయ్యారు. వాళ్లలో గని పిల్లలు, గని మనవళ్లు చాలామంది. కేజీఎఫ్‌లో పని పోయిన ఇళ్ల నుంచి రోజూ ఈ రైళ్లలోనే బెంగళూరుకి వెళ్లి వస్తారు.

సోమవారం చెల్లెలు షిఫ్టు మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి, ఆ ఒడిశా పిల్లకి అందరి ముందే క్షమాపణ చెప్పింది. తర్వాత మామ ప్రశ్నను కొంచెం మార్చి తెలుగులో, కన్నడంలో, వచ్చీరాని హిందీలో అడిగింది: 'మీ చెల్లెల్ని ఈ లైన్లో ఏ స్టేషన్ దగ్గర కూర్చోబెట్టరు?' ఎవరూ మాట్లాడలేదు. మంగళవారమూ అంతే. బుధవారం, రెండేళ్లుగా అదే లైన్లో ఉండి ఒక్కసారి కూడా నోరు విప్పని ముళబాగిలు అమ్మాయి ఒకామె, పదిహేడో స్టేషన్ అని తెలుగులో చెప్పింది. ఆ బల్ల కింద కరెంటు తీగ తొక్క ఊడిపోతే ఎవరో టేపు చుట్టి వదిలేశారు. అక్కడ కూర్చునే అందరికీ ఆ సంగతి తెలుసు. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ వచ్చి తీగ మార్చాడు.